ఒహాయో వాషింగ్టన్ కౌంటీలో తొలినాటి చదువరులు, బడులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒహాయోలో నాలుగో తరగతి సోషల్ పాఠాల్లో రాష్ట్ర చరిత్ర ఉంటుంది. కొలంబస్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్న రోజుల్లో మనవరాలు వచ్చి, "తాతయ్యా, మేరియెట్టాలో మొదటి బడి ఎవరు పెట్టారు?" అని అడిగింది. ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు అనుకున్నాను. వారం గడిచినా చెప్పలేకపోయాను. ఆ వారం కాస్తా కొన్నేళ్ళయింది. ఇప్పుడు వాళ్ళ పిల్లల ప్రాజెక్టుల కోసమో, సొంత ఆసక్తితోనో ఫోన్ చేసే తెలుగువాళ్ళు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

వాషింగ్టన్ కౌంటీ అంటే ఏది? అమెరికాలో ఆ పేరుతో చాలా ఉన్నాయి కదా?

ఉన్నాయి, దాదాపు ముప్పై రాష్ట్రాల్లో. ఇక్కడ చెబుతున్నది ఒహాయో రాష్ట్రంలో, మస్కింగమ్ నది ఒహాయో నదిలో కలిసేచోట ఉన్న మేరియెట్టా ఊరు ముఖ్యపట్టణంగా ఉన్న కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది. 1788 జూలై 26న గవర్నర్ ఆర్థర్ సెయింట్ క్లెయిర్ ప్రకటనతో ఏర్పడింది. ఒహాయో నదికి వాయవ్యంగా ఉన్న భూభాగం మొత్తంలో మొదటి కౌంటీ ఇదే.

వెతికేటప్పుడు రాష్ట్రం పేరు తప్పకుండా కొట్టండి. పక్కనే పెన్సిల్వేనియాలో ఇంకో వాషింగ్టన్ కౌంటీ ఉంది, అది 1781 నాటిది. అక్కడా ప్రెస్బిటేరియన్ పాదిరీలు దుంగల ఇళ్ళలో లాటిన్ బడులు నడిపారు. రెండు చోట్లా అవే కాలాలు, అవే ఇంటిపేర్లు, అవే రకం కథలు. నేను మొదట్లో రెండు రోజులు కూర్చుని నోట్సు రాసుకున్నది ఆ పెన్సిల్వేనియా కౌంటీ గురించి. తెలిశాక నవ్వొచ్చింది గానీ ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు.

కౌంటీ సరిహద్దుల గురించి అంత పట్టింపు ఎందుకు?

ఎందుకంటే 1788 నాటి వాషింగ్టన్ కౌంటీ, ఈనాటి వాషింగ్టన్ కౌంటీ ఒకటి కావు. మొదట్లో అది ఇప్పటి ఒహాయో రాష్ట్రంలో తూర్పు సగం దాకా ఉండేది. ఉత్తరాన ఈరీ సరస్సు, దక్షిణాన ఒహాయో నది, పడమట సయోటో నది. ఆ తర్వాత దాన్ని ముక్కలు చేస్తూ పోయారు. 1797లో జెఫర్సన్ కౌంటీ, 1803లో గాలియా, 1804లో మస్కింగమ్, 1805లో ఎథెన్స్ విడిపోయాయి. మధ్యలో ఇంకా కొన్ని ఉన్నాయి.

పరిశోధనలో దీని దెబ్బ ఎక్కడ తగులుతుందంటే, 1804లో ఏమ్స్ అనే పల్లెలో లైబ్రరీ పెట్టినవాళ్ళు అప్పటికి వాషింగ్టన్ కౌంటీ మనుషులు. మరుసటేడు ఊరు కదలకుండానే ఎథెన్స్ కౌంటీ వాళ్ళయిపోయారు. 1804 నాటి దస్తావేజు మేరియెట్టాలో ఉంటుంది, 1806 నాటిది ఎథెన్స్‌లో ఉంటుంది. గాలిపొలిస్ సంగతీ అంతే. 1790లో సుమారు 500 మంది ఫ్రెంచివాళ్ళు, సయోటో అనే భూముల కంపెనీ చేతిలో మోసపోయి, చెల్లని పత్రాలతో అక్కడ దిగారు. వాళ్ళలో విగ్గులు చేసేవాళ్ళు, గడియారాలు చేసేవాళ్ళు ఉన్నారు, ఆంత్వాన్ సోగ్రేన్ లాంటి వైద్యుడు, శాస్త్రజ్ఞుడు కూడా ఉన్నాడు. 1803 దాకా వాళ్ళదీ వాషింగ్టన్ కౌంటీయే. న్యూ ఇంగ్లండ్ వాళ్ళ చుట్టూనే తిరిగి వీళ్ళని మర్చిపోయే పరిశోధకులు ఎక్కువ.

దీనికి ఎదురు రకం పొరపాటు కూడా ఉంది. బెల్ప్రీ అనే ఊరి దగ్గర ఒహాయో నది మధ్యలో బ్లెనర్‌హాసెట్ లంక ఉంది. హార్మన్ బ్లెనర్‌హాసెట్ ఐర్లండ్ నుంచి వచ్చిన లాయరు, డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో చదివినవాడు. 1798లో ఇక్కడికి వచ్చి పెద్ద భవంతి, గ్రంథాలయం, ప్రయోగశాల పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో చదువరి అంటే మొదట గుర్తొచ్చే పేరు అతనిదే. కానీ నది అప్పట్లో వర్జీనియాది, లంక కూడా వర్జీనియాదే. అతని భూమి కాగితాలు మేరియెట్టాలో వెతికితే దొరకవు, అవతలి ఒడ్డున ఉన్న వుడ్ కౌంటీలో చూడాలి. అది ఇప్పుడు వెస్ట్ వర్జీనియా.

అడవిలోకి అంతమంది చదువుకున్నవాళ్ళు ఎందుకొచ్చారు?

అప్పులు తీర్చలేని ప్రభుత్వం, జీతాలు అందని ఆఫీసర్లు. స్వాతంత్ర్య యుద్ధం అయ్యాక సైనికాధికారుల చేతికి వచ్చినవి విలువ పడిపోయిన ప్రభుత్వ పత్రాలు. వాటినే పెట్టుబడిగా పెట్టి భూమి కొందామని 1786 మార్చిలో బోస్టన్‌లో ఒక సత్రంలో కూర్చుని ఒహాయో కంపెనీ పెట్టుకున్నారు. రూఫస్ పుట్నమ్, బెంజమిన్ టప్పర్, విన్‌త్రాప్ సార్జెంట్, పాదిరీ మెనాసె కట్లర్ ఇందులో ముఖ్యులు. 1788 ఏప్రిల్ 7న మొదటి 48 మంది మస్కింగమ్ ఒడ్డున దిగారు.

ఆఫీసర్లూ వాళ్ళ బంధువులూ కాబట్టి కాలేజీ చదువులవాళ్ళు లెక్కకి మించి కనిపిస్తారు. శామ్యూల్ హోల్డెన్ పార్సన్స్ హార్వర్డ్ 1756, అంటే ఆ ఏడు అక్కడ పట్టా తీసుకున్నాడు. జేమ్స్ వార్నమ్ రోడ్ ఐలండ్ కాలేజీ 1769, ఇప్పుడు దాన్ని బ్రౌన్ అంటాం. సార్జెంట్ హార్వర్డ్ 1771. రిటర్న్ జొనాథన్ మెయిగ్స్ యేల్ 1785, తర్వాత ఒహాయో గవర్నర్ అయ్యాడు. పాల్ ఫియరింగ్ హార్వర్డ్ 1785, ఈ భూభాగంలో లాయరుగా ప్రమాణం చేసిన మొదటివాడు. పాదిరీ డేనియల్ స్టోరీ డార్ట్‌మత్ 1780.

వాళ్ళ చదువు ఊళ్ళో వీధుల పేర్లలో కూడా తెలుస్తుంది. కోటకి కాంపస్ మార్టియస్ అని, నది నుంచి పాతకాలపు మట్టిదిబ్బల దాకా పోయే దారికి సాక్రా వియా అని, ఒక దిబ్బకి కాపిటోలియం అని పేర్లు పెట్టారు. దుంగలతో కట్టుకున్న ఊరికి రోమ్ పేర్లు! ఆ దిబ్బలు వేల ఏళ్ళ కిందట స్థానిక జాతులవాళ్ళు కట్టినవి. వాటిని దున్నేయకుండా 1788లోనే పక్కన పెట్టడం మాత్రం మెచ్చుకోవాల్సిన పని.

ఒక జాగ్రత్త చెప్పాలి. పైన చెప్పిన పెద్దల్లో కొందరు ఇక్కడ ఉన్నది కొద్ది నెలలే. వార్నమ్ 1789 జనవరిలోనే పోయాడు. పార్సన్స్ అదే ఏడు నవంబరులో నదిలో మునిగి చనిపోయాడు. మెనాసె కట్లర్ 1788లో చూడటానికి వచ్చి వెళ్ళిపోయాడు, నివాసం మసాచుసెట్స్‌లోనే. కౌంటీని మోసింది మిగిలినవాళ్ళు, ముఖ్యంగా కాలేజీ ముఖం చూడనివాళ్ళు.

రూఫస్ పుట్నమ్ ఉత్తరాల్లో అన్ని స్పెల్లింగ్ తప్పులున్నాయి. ఆయన చదువుకున్నవాడేనా?

ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ నాకు సంతోషం వేస్తుంది, అడిగినవాళ్ళు అసలు ఉత్తరాలు తెరిచి చూశారని తెలుస్తుంది కాబట్టి.

పుట్నమ్ 1738లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. మారుతండ్రికి చదువు రాదు, చదువంటే గిట్టదు కూడా. బడికి పంపలేదు సరికదా, పుస్తకం పట్టుకుంటే వెక్కిరించేవాడని పుట్నమ్ పెద్దయ్యాక తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. సొంతంగా సంపాదించుకున్న చిల్లర డబ్బులతో పుస్తకాలు కొనుక్కుని లెక్కలు నేర్చుకున్నాడు. అక్కడి నుంచి మిల్లులు కట్టే పని, భూమి సర్వే, యుద్ధంలో కోటల ఇంజనీరు, చివరికి 1796లో అమెరికా సర్వేయర్ జనరల్. స్పెల్లింగ్ మాత్రం కడదాకా దారికి రాలేదు.

ఆ రోజుల్లో ఒకే పదాన్ని ఒకే పేజీలో రెండు రకాలుగా రాయడం మామూలే. అందుకని స్పెల్లింగ్ చూసి చదువు కొలవకండి. లెక్క చూడండి. ఎకరాలు, కోణాలు, గొలుసు కొలతలు తప్పు లేకుండా వేసినవాడు ఏ రకంగా చూసినా చదువుకున్నవాడే. బళ్ళు పెట్టాలని అందరికంటే పట్టు పట్టినవాళ్ళలో ఈ బడికి పోనివాడు కూడా ఉన్నాడు.

పాత కాగితాల్లో మాటలకి ఇప్పటి అర్థాలే తీసుకోవచ్చా?

తీసుకోకూడదు. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

స్కాలర్ అంటే పండితుడు కాదు, బళ్ళో కూర్చున్న ఆరేళ్ళ పిల్లవాడు కూడా స్కాలరే. "30 మంది స్కాలర్లు" అని ఉంటే 30 మంది పిల్లలు. డాక్టర్ అంటే మెడికల్ కాలేజీ డిగ్రీ ఉన్నట్టు కాదు, ఎక్కువమంది ఒక పెద్ద వైద్యుడి దగ్గర కొన్నేళ్ళు పనిచేసి నేర్చుకున్నవాళ్ళు. పేరు చివర ఎస్క్వైర్ ఉంటే లాయరని అనుకోవద్దు, ఊళ్ళో జస్టిస్ ఆఫ్ పీస్‌గా తగువులు తీర్చే రైతుకీ ఆ మర్యాద ఉండేది. ప్రిసెప్టర్ అంటే అకాడమీ పంతులు. అకాడమీ అంటే లాటిన్, గ్రీకు, పై లెక్కలు చెప్పే బడి, సుమారు మన హైస్కూలు స్థాయి. సెమినరీ అంటే పాదిరీల బడి అయ్యుండక్కర్లేదు. "లిబరల్ ఎడ్యుకేషన్ పొందినవాడు" అని ఉంటే మాత్రం కాలేజీకి వెళ్ళాడని గట్టిగా అనుకోవచ్చు.

ఇంకో చిన్న విషయం. 1770ల ముందు హార్వర్డ్, యేల్ జాబితాల్లో విద్యార్థుల పేర్లు అక్షర క్రమంలో ఉండవు, మార్కుల క్రమంలోనూ ఉండవు. కుటుంబం హోదాని బట్టి వరసలో పెట్టేవారు. ఒకాయన తన పూర్వీకుడు క్లాసులో మూడో ర్యాంకు అని ఎంతో గర్వంగా చెప్పారు. అది ఆయన ముత్తాతల తండ్రి ఆస్తి ర్యాంకు.

సంతకం ఉంటే చదువొచ్చినట్టు, నిశానీ ఉంటే రానట్టు అనుకోవచ్చా?

సగం వరకే. దస్తావేజు చివర పేరు మధ్యలో ఇంటూ గుర్తు, దాని అటూ ఇటూ "అతని గుర్తు" అని రాసి ఉంటే అది నిశానీ. మన పాత పత్రాల్లో నిశానీదారులు ఉన్నట్టే. కానీ రెండు చిక్కులున్నాయి.

మొదటిది, కోర్టులో పెద్ద రిజిస్టరులో మీరు చూసేది గుమాస్తా ఎత్తి రాసిన నకలు. అందులో సంతకాలన్నీ గుమాస్తా చేతిరాతే. "ఎంత అందమైన దస్తూరీ!" అని మురిసిపోకండి. నిశానీ ఉంటే గుమాస్తా దాన్ని కూడా నకలు చేస్తాడు కాబట్టి సంతకమా, నిశానీయా అన్నది తెలుస్తుంది, చేతిరాత ఎలాంటిదో మాత్రం తెలియదు. అది కావాలంటే వీలునామాల అసలు ప్రతులు, చనిపోయినవాళ్ళ ఆస్తి పంపకాల కట్టల్లో ఉండే రసీదులు వెతకాలి.

రెండోది, వీలునామా చావుమంచం మీద రాయిస్తారు. చెయ్యి ఆడనివాడు నిశానీ పెడతాడు. ఒకే మనిషి పదేళ్ళ ముందు చేసిన దస్తావేజు కూడా చూసి అప్పుడు మాట్లాడాలి.

మరి ఆడవాళ్ళ సంగతి?

అప్పట్లో చదవడం, రాయడం రెండూ ఒకేసారి నేర్పేవారు కాదు. ముందు చదవడం. అది ఆడపిల్లలకి కూడా, బైబిలు చదవాలి కాబట్టి. రాయడం తర్వాత, వేరే ఫీజుతో, వేరే పంతులు దగ్గర. చాలామంది ఆడపిల్లలు అక్కడి దాకా పోలేదు. న్యూ ఇంగ్లండ్ వీలునామాల్లో 18వ శతాబ్దం చివరికి మగవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది దాకా సంతకం చేస్తుంటే, ఆడవాళ్ళలో సుమారు సగం మందే చేశారని చరిత్రకారుల లెక్క. ఆ మిగిలిన సగంలో ఎంతమంది ధారాళంగా చదవగలరో సంతకాల లెక్కకి అందదు. కాబట్టి నిశానీ పెట్టిన ముసలమ్మ రోజూ బైబిలు చదివి ఉండొచ్చు. నిశానీ చూసి నిరక్షరాస్యురాలని రాసేయడం అన్యాయం.

సరే, ఇంతకీ మొదటి బడి ఎవరిది?

మనవరాలి ప్రశ్న. దీనికి జవాబు మీరు "బడి" అని దేన్ని అంటారో దాన్నిబట్టి ఉంటుంది.

కాంపస్ మార్టియస్ కోటలో బ్లాక్‌హౌస్ (బురుజు లాంటి కట్టడం) గదిలో మేజర్ అన్సెల్మ్ టప్పర్ పిల్లలకి పాఠాలు చెప్పాడు. యుద్ధం నుంచి వచ్చిన సైనికుడు, బెంజమిన్ టప్పర్ కొడుకు. బెల్ప్రీలో ఎండాకాలం బడి నడిపిన బత్‌షెబా రౌస్ ఒహాయోలో మొదటి పంతులమ్మ అని చెబుతారు. కొందరు 1789 అంటారు, కొందరు 1790 అంటారు. బెల్ప్రీవాళ్ళు ఆ తర్వాత స్థానిక జాతులతో జరిగిన యుద్ధకాలంలో ఫార్మర్స్ కాజిల్ అనే కోటలో తలదాచుకున్నప్పుడు చలికాలం బడిని హార్వర్డ్‌లో చదివిన డేనియల్ మేయో చెప్పాడు. ఎండాకాలం పంతులమ్మ దగ్గర చిన్నపిల్లలు, చలికాలం పంతులు దగ్గర పొలం పనులు తీరిన పెద్ద మగపిల్లలు, ఇదీ పద్ధతి. అందుకే "ఆమె బడి మూతపడింది, ఆయన బడి మొదలైంది" అన్నట్టు కనిపించేది నిజానికి కాలం మారడమే.

కానీ ఈ పేర్లన్నిటికీ ముందు ఇంకో బడి ఉంది. మస్కింగమ్‌కి ఎగువన టస్కరావస్ నది ఒడ్డున షోన్‌బ్రన్ అనే ఊరు. 1772లో మొరేవియన్ అనే క్రైస్తవ శాఖ పాదిరీ డేవిడ్ జైస్‌బర్గర్, క్రైస్తవం తీసుకున్న డెలవేర్ జాతివాళ్ళు కలిసి కట్టుకున్నది. అక్కడ బడి ఇల్లు ఉంది. డెలవేర్ పిల్లల కోసం జైస్‌బర్గర్ డెలవేర్ భాషలో తయారుచేసిన అక్షరాల పుస్తకం 1776లో ఫిలడెల్ఫియాలో అచ్చయింది. స్వాతంత్ర్య యుద్ధం ఆ ఊళ్ళని చెదరగొట్టింది. 1782 మార్చిలో పక్కనే ఉన్న నాడెన్‌హుటెన్‌లో పెన్సిల్వేనియా మిలీషియా 96 మంది క్రైస్తవ డెలవేర్లని, ఆడవాళ్ళనీ పిల్లలనీ కూడా, చంపేసింది. ఆరేళ్ళ తర్వాత గీసిన వాషింగ్టన్ కౌంటీ గీతల్లోపలే ఆ నేల ఉంది. "కౌంటీలో మొదటి బడి" అని కోట బ్లాక్‌హౌస్‌నో, బెల్ప్రీనో చూపించేవాళ్ళు ఈ నేలమీద అంతకుముందు ఏ పిల్లలు అక్షరాలు దిద్దారో అడగాలి. మనవరాలు తన చార్టులో ఈ పేర్లన్నీ రాసింది. టీచర్ ఏమన్నారో నాకు చెప్పలేదు.

ఈ బడులకి డబ్బు ఎక్కడి నుంచి వచ్చేది?

చదువుల చరిత్ర కావాలంటే బడుల రికార్డుల కోసం వెతికి ప్రయోజనం లేదు, అవి దాదాపు లేవు. డబ్బు పోయిన దారి పట్టుకోండి.

1785 భూమి చట్టం ప్రకారం సర్వే చేసిన ప్రతి టౌన్‌షిప్ ఆరు మైళ్ళ చదరం. దాన్ని 36 సెక్షన్లుగా కోస్తారు, ఒక్కోటి 640 ఎకరాలు. అందులో 16వ సెక్షన్ ఆ టౌన్‌షిప్ బడుల కోసం. 1787 నాటి వాయవ్య భూభాగ చట్టం మూడో అధికరణంలో బడులనీ చదువునీ ఎప్పటికీ ప్రోత్సహించాలని రాసుకున్నారు. ఒహాయో కంపెనీ ఒప్పందంలో 16వ సెక్షన్‌తో పాటు 29వ సెక్షన్ మత ప్రచారకుల కోసం, రెండు మొత్తం టౌన్‌షిప్పులు, అంటే 46,080 ఎకరాలు, విశ్వవిద్యాలయం కోసం కేటాయించారు. ఇదంతా బేరమాడి సాధించినది మెనాసె కట్లర్.

వినడానికి బాగుంది. కానీ పక్కనే ఎకరాలకి ఎకరాలు చవగ్గా దొరుకుతుంటే బడి భూమిని కౌలుకి ఎవడు తీసుకుంటాడు? తీసుకున్నవాడు కూడా చెట్లు కొట్టి చదును చేయడమే కౌలు కింద జమ చేయించుకునేవాడు. అందుకే మొదటి పాతికేళ్ళు 16వ సెక్షన్ పిల్లలకి పెట్టింది తక్కువ. 1826లో ఆ భూముల్ని అమ్ముకోవడానికి కాంగ్రెస్ ఒహాయోకి అనుమతి ఇచ్చింది. పరిశోధకుడికి మాత్రం ఈ కౌలు కాగితాలు బంగారం. కౌలుదార్లు, వాళ్ళ తగువులు, ట్రస్టీల పేర్లు అన్నీ అందులో ఉంటాయి.

అసలు పంతులు కడుపు నిండింది చందాలతో. 1790 జూలైలో ఒహాయో కంపెనీ డైరెక్టర్లు మేరియెట్టా, బెల్ప్రీ, వాటర్‌ఫర్డ్ మూడు చోట్లా బడులకి కలిపి 150 డాలర్లు ఇచ్చారు. అది కొద్ది సాయమే. మిగతాది తల్లిదండ్రులు ఒక కాగితం మీద "నేను ఇద్దరు పిల్లల్ని పంపుతాను" అని పేరు రాసి ఒప్పుకోవడం. డబ్బు లేనివాళ్ళు మొక్కజొన్న, కట్టెలు ఇచ్చేవారు. పంతులుకి వంతులవారీగా ఇళ్ళలో భోజనం. మన వీధిబడి పంతుళ్ళ కథలు విన్నవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. ఇలాంటి చందా కాగితం ఒక్కటి దొరికితే చాలు, ఆ ఏడు ఆ ఊళ్ళో ఏ ఇంట్లో బడి ఈడు పిల్లలున్నారో తెలిసిపోతుంది.

పన్నుతో నడిచే బడి 1825లో వచ్చింది. ఆస్తి విలువలో డాలరుకి అర మిల్లు, అంటే వెయ్యి డాలర్ల ఆస్తికి 50 సెంట్లు. ఆ చట్టం కోసం శాసనసభలో పోరాడినవాళ్ళలో ఈ కౌంటీ మనిషి, మెనాసె కొడుకు ఎఫ్రయిమ్ కట్లర్ ఉన్నాడు.

మస్కింగమ్ అకాడమీ, ఒహాయో యూనివర్సిటీ ఈ కథలోవేనా?

అవును. మస్కింగమ్ అకాడమీ 1797లో మేరియెట్టాలో చందాలతో పెట్టుకున్నది. మొదటి పంతులు యేల్‌లో చదివిన డేవిడ్ పుట్నమ్. చాలా ఏళ్ళు ఆదివారం ఆ భవనంలోనే ప్రార్థనలు. ఒహాయో యూనివర్సిటీకి 1804లో అనుమతి వచ్చింది. 1808లో ఒక్క అధ్యాపకుడు, ముగ్గురు విద్యార్థులతో ఎథెన్స్‌లో మొదలైంది. దాన్ని పోషించింది ఆ 46,080 ఎకరాలే.

పుస్తకాలు ఎలా దొరికేవి? కూన్‌స్కిన్ లైబ్రరీ నిజమేనా?

నిజమే, పేరే తర్వాత పెట్టింది. కూన్‌స్కిన్ అంటే రకూన్ అనే అడవి జంతువు తోలు. ఎఫ్రయిమ్ కట్లర్ ఉన్న ఏమ్స్ పల్లెలో డబ్బు కళ్ళజూసేవాళ్ళు తక్కువ, రకూన్లు, ఎలుగుబంట్లు మాత్రం దండిగా ఉండేవి. 1804లో తోళ్ళు పోగుచేసి శామ్యూల్ బ్రౌన్ అనే ఊరివాడి బండిలో బోస్టన్ పంపారు. అమ్మిన డబ్బుతో 51 పుస్తకాలు కొనుక్కొచ్చాడు. ఏవి కొనాలో ఎంచి పెట్టినవాళ్ళలో మెనాసె కట్లర్ ఒకడు. కాగితాల్లో దాని పేరు వెస్టర్న్ లైబ్రరీ అసోసియేషన్. వెతికేటప్పుడు ఈ పేరుతోనే వెతకాలి, రకూన్ పేరుతో వెతికితే కథలే వస్తాయి.

ఆ పుస్తకాలు చదివి పెరిగిన కుర్రాడు థామస్ ఈవింగ్. పది రకూన్ తోళ్ళు తన వంతు ఇచ్చానని చెప్పుకునేవాడు. 1815లో ఒహాయో యూనివర్సిటీ మొదటి ఇద్దరు పట్టభద్రుల్లో ఒకడు. తర్వాత సెనేటరు, ఆర్థిక మంత్రి, 1849లో అమెరికా మొదటి ఇంటీరియర్ మంత్రి.

ఏమ్స్ కంటే ముందు, 1796 నుంచే బెల్ప్రీలో ఇజ్రాయెల్ పుట్నమ్ కుటుంబం పుస్తకాలతో వాటాల లైబ్రరీ ఒకటి నడిచింది. ఇలాంటి లైబ్రరీ వాటా ఆస్తి కింద లెక్క, కాబట్టి మనిషి పోయాక ఆస్తి జాబితాలో ఆవులు, నాగళ్ళ మధ్య "లైబ్రరీలో ఒక వాటా" అని కనిపించొచ్చు. ఆ ఒక్క లైను కోసం నేను వందల పేజీలు తిప్పాను. జాబితాల్లో "పాత పుస్తకాలు కొన్ని" అని తేల్చేసే లెక్కగాళ్ళంటే నాకు ఇప్పటికీ కోపం.

ధరలు షిల్లింగుల్లో ఉంటే కంగారుపడకండి. న్యూ ఇంగ్లండ్ లెక్కలో ఆరు షిల్లింగులు ఒక డాలరు, పెన్సిల్వేనియా లెక్కలో ఏడున్నర. జాబితా రాసినవాడు ఎక్కడివాడో ముందు చూసుకోండి.

నల్లజాతి పిల్లలు ఈ బళ్ళల్లో చదివారా?

1787 చట్టం ఈ భూభాగంలో బానిసత్వాన్ని నిషేధించింది. బడి తలుపు తెరవలేదు. 1829 రాష్ట్ర చట్టం పన్నుల బడులు తెల్లపిల్లలకే అని రాసేసింది. 1840ల చివర్లో గానీ వేరు బడులకి చట్టం రాలేదు. కాబట్టి బడి కాగితాల్లో వాళ్ళ పేర్లు లేవంటే ఊళ్ళో వాళ్ళు లేరని కాదు. పన్ను జాబితాలు, చర్చి పుస్తకాలు, దస్తావేజులు చూడాలి.

జనాభా లెక్కల్లో చదువు వివరాలు ఉంటాయా?

తొలి లెక్కల్లో ఉండవు, ఇంటి యజమాని పేరు, మిగతావాళ్ళ సంఖ్య, అంతే. ఒహాయో 1800, 1810 లెక్కలు దాదాపు అన్నీ పోయాయి. అదృష్టం ఏమిటంటే మిగిలినవి ఈ వాషింగ్టన్ కౌంటీవే. 1840లో మొదటిసారి బడులెన్ని, స్కాలర్లెందరు, ఇరవై దాటిన తెల్లవాళ్ళలో చదవడం రాయడం రానివాళ్ళు ఎందరు అని ఇంటింటా లెక్క రాశారు. మనిషి పేరు పక్కనే ఆ వివరం కావాలంటే 1850 చూడాలి. 1788లో వచ్చిన కుర్రాళ్ళు అప్పటికి ముసలివాళ్ళు, అయినా కొందరు దొరుకుతారు.

స్థానిక చరిత్ర పుస్తకాలని ఎంతవరకు నమ్మాలి?

మేరియెట్టా గురించి ఎక్కువ కథలకి మూలం డాక్టర్ శామ్యూల్ హిల్డ్రెత్. 1806లో వచ్చి వైద్యం చేస్తూ ముసలివాళ్ళ జ్ఞాపకాలు, ఉత్తరాలు, డైరీలు పోగుచేశాడు. 1848 నుంచి పుస్తకాలుగా అచ్చువేశాడు. ఆయన లేకపోతే సగం పేర్లు మనకి తెలిసేవి కావు. కానీ అరవై ఏళ్ళ తర్వాత చెప్పిన జ్ఞాపకంలో ఏడు అటూ ఇటూ అవుతుంది, తన తండ్రి బడే మొదటిదవుతుంది. 1880ల కౌంటీ చరిత్రలైతే ఇంకా జాగ్రత్త, వాటికి చందా కట్టినవాళ్ళ తాతలందరూ మహానుభావులే. కథ హిల్డ్రెత్ దగ్గర తీసుకోండి, తేదీ దస్తావేజు దగ్గర తీసుకోండి.

అసలు కాగితాలు ఎక్కడున్నాయి? ఇండియాలో కూర్చుని చూడొచ్చా?

కొంతవరకు చూడొచ్చు. ఒహాయో కౌంటీల వీలునామాలు, ఆస్తి కాగితాలు చాలావరకు ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి, ఖాతా తెరిస్తే చాలు. అన్నిటికీ పేర్ల సూచిక ఉండదు, పేజీలు తిప్పాలి. ఒహాయో కంపెనీ రికార్డులు, రూఫస్ పుట్నమ్ కాగితాలు, హిల్డ్రెత్ సేకరణ మేరియెట్టా కాలేజీ లైబ్రరీలో ఉన్నాయి. మెనాసె కట్లర్ కాగితాలు ఎక్కువగా ఇల్లినాయిస్‌లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో ఉన్నాయి. కొలంబస్ నుంచి మేరియెట్టా కారులో రెండు గంటల పైన. కాంపస్ మార్టియస్ మ్యూజియంలో పుట్నమ్ ఇల్లు లోపలే నిలబడి ఉంది. పిల్లల్ని తీసుకెళ్తే చెక్క గోడ ముట్టుకోవాలని చూస్తారు, ముట్టుకోనివ్వరు.

చేతిరాత అస్సలు అర్థం కావట్లేదు. ఏం చేయాలి?

ఒకే గుమాస్తా రాసిన పేజీలు వరసగా పది చదవండి, పదకొండోది వచ్చేస్తుంది. పదం మధ్యలో ఎఫ్ లాగా కనబడేది చాలాసార్లు పొడుగు ఎస్. ఉత్తరాల్లో తేదీ పక్కన ఇన్‌స్ట్ అని ఉంటే ఈ నెల, అల్ట్ అని ఉంటే పోయిన నెల. ఇది తెలియక నేను ఒక ఉత్తరాన్ని నెల రోజులు ముందుకి జరిపాను. పేర్లు పలికినట్టు రాస్తారు కాబట్టి పైకి చదివి వినండి. కంటికి పట్టని పేరు చెవికి పడుతుంది. ఇంకా తేలకపోతే ఆ పదాన్ని ఖాళీగా వదిలి ముందుకి పోండి, ఊహించి నింపకండి. నాలుగు పేజీల తర్వాత అదే గుమాస్తా అదే పదాన్ని శుభ్రంగా రాసి ఉంటాడు.